లైటు ముట్టుకోలేదు, అయినా పగడం తెల్లబోయింది

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
అందరికీ నమస్తే. ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీళ్ళ తొట్టి పెట్టి ఏడాదిన్నర అయింది, ఇక్కడ చదివి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయే రకాన్ని నేను, ఈసారి అడక్క తప్పట్లేదు. పై వరసలో ఉన్న అక్రోపోరా, దాని పక్కనే ఉన్న మాంటిపోరా పలక, ఈ రెండు పగడాలూ పది రోజులుగా వెలిసిపోతున్నాయి. ముందు గోధుమకీ ఆకుపచ్చకీ మధ్యలో ఉండేవి, ఇప్పుడు పదిసార్లు ఉతికిన చొక్కా రంగులోకి వచ్చాయి. కణజాలం ఊడట్లేదు, పాలిప్‌లు (పగడం మీద చిన్న పువ్వుల్లా తెరుచుకునేవి) రాత్రిపూట బయటికి వస్తున్నాయి, పగలు మాత్రం ముడుచుకునే ఉంటున్నాయి. నీళ్ళ వేడి 25–26 మధ్యే, ఉప్పు మారలేదు, ఆల్కలినిటీ నిలకడగా ఉంది, నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05. లైటు ఎనిమిది నెలలుగా అదే సెట్టింగు, ఒక్క బటన్ కూడా నొక్కలేదు. కింది వరసలోవన్నీ శుభ్రంగా ఉన్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చెప్పండి.

నీలికాంతి:
పైనవే వెలిసి కిందవి బాగుంటే అది కాంతి సమస్యే బాబూ. నీళ్ళలో తేడా అయితే పైనా కిందా అని చూడదు. పార్ మీటరుతో కొలిచారా?

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
లేదండి, మీటరు లేదు. ఫోన్‌లో లక్స్ యాప్ ఉంది, దాంతో చూస్తే పెద్ద తేడా ఏం కనపళ్ళేదు.

నీలికాంతి:
ఆ యాప్‌ని పక్కన పెట్టెయ్యండి. లక్స్ మనిషి కంటి లెక్క, పచ్చ పసుపు రంగుల దగ్గర ఎక్కువ మార్కులేస్తుంది, మన ఎల్‌ఈడీలు గుమ్మరించే నీలాన్ని దాదాపు పట్టించుకోదు. పగడం లోపల కాపురముండి కాంతితో దానికి తిండి తయారుచేసే శైవలాలు తినేది ఎక్కువగా ఆ నీలాన్నే. పార్ అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఎన్ని ఫోటాన్లు పడుతున్నాయో లెక్కపెట్టడం, మనకి కావలసింది అది. సరే, మీటరు సంగతి తర్వాత. ఈ నెలలో లైటు కాకుండా ఇంకా ఏమేం మార్చారో, ఏమేం కడిగారో అన్నీ రాయండి. చిన్నదని వదిలెయ్యొద్దు.

సగంజ్ఞానం:
లైటు మార్చలేదని మొత్తుకుంటున్నాడుగా అన్నా, మళ్ళీ లైటే అంటారేంటి 😀 నాకైతే ఆకలి కేసులా ఉంది. తిండి వెయ్యండి, రంగు అదే వస్తుంది.

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
గుర్తు తెచ్చుకుని రాస్తున్నా. రెండు వారాల కింద యాక్టివేటెడ్ కార్బన్ మార్చాను. అంతకు ముందుది మూడు నెలలుగా అలాగే ఉండిపోయింది, బద్ధకం, అందుకే ఈసారి కొంచెం ఎక్కువే వేశాను. అదే రోజు లైటు కింద ఉండే గాజు పలక మీద ఉప్పు తెల్లగా పేరుకుపోతే వెనిగర్‌తో తుడిచాను. ఫిల్టర్ గుడ్డ మార్చాను. అంతే. ఆ మర్నాడు నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే తొట్టిలో నీళ్ళున్నాయా లేవా అని మా తమ్ముడు వేలు పెట్టి చూశాడు.

నీలికాంతి:
దొరికాడు దొంగ. ఒకడు కాదు, ఇద్దరు.

పాత తొట్టి నీళ్ళు మెల్లగా పసుపెక్కుతాయి, ఆకులు నానిన నీళ్ళలాగా. ఆ పసుపు మింగేది ముఖ్యంగా నీలి కాంతినే. కొత్త కార్బన్ ఆ పసుపుని పీల్చేస్తుంది. పైన గాజు మీద ఉప్పు పొర ఇంకొంత ఆపేసింది. మూడు నెలలుగా మీ అక్రోపోరా చీకట్లోకి జారుతూ వచ్చింది, మీరు ఒక్క మధ్యాహ్నంలో రెండు తెరలూ లాగేశారు. మీ వేలు లైటు బటన్ మీద పడలేదన్నది నిజమే, పగడం నెత్తిన పడే వెలుగు మాత్రం మారింది. కింది వరసలోవాటికి ముందే తక్కువ కాబట్టి, పెరిగినా వాటికి అది హద్దు దాటలేదు.

జీవశాస్త్రం_మేడమ్:
నీలికాంతి గారి నిర్ధారణే నాదీ. లోపల ఏం జరిగిందో విప్పి రాస్తాను, పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

మీరు చూసే ఆ గోధుమ రంగు పగడానిది కాదు. దాని లోపలి పొర కణాల్లో కాపురముండే శైవలాలది. జూజాంథెల్లే అంటాం, ఒక్కోటి అటూ ఇటూగా మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న పగడంలో చదరపు సెంటీమీటరుకి పది లక్షలూ అంతకు పైనా ఉంటాయి. అవి కాంతితో తయారుచేసిన ఆహారంలో సింహభాగం ఇంటి యజమానికి అద్దె కింద జమ. కాబట్టి వెలుగు మారితే ఇద్దరి సంసారమూ మారుతుంది.

వలతో పోల్చి చూడండి. చేపలు పలచగా ఉన్న చెరువులో పెద్ద వల వెయ్యాలి. అలాగే వెలుగు తగ్గిన కొద్దీ ఒక్కో శైవల కణం తనలో పత్రహరితాన్నీ, పెరిడినిన్ అనే రంగు పదార్థాన్నీ పెంచుకుంటుంది. పెరిడినిన్ నీలం, నీలి ఆకుపచ్చ కాంతిని పట్టడంలో దిట్ట, లోతు నీళ్ళలో మిగిలేది ఎక్కువగా అదేగా. అందుకే నీడలోని పగడం ముదురు రంగులో ఉంటుంది. దీని మీద పాత పరిశోధన ఒకటుంది, 1981లో ఫాల్కోవ్‌స్కీ, డుబిన్‌స్కీ ఇద్దరూ ఎర్ర సముద్రం ఉత్తర కొసన ఐలాట్ సింధుశాఖలో స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే ఒకే జాతిని ఎండలోదీ నీడలోదీ తీసుకుని పోల్చారు. ఎండలోది పాలిపోయి, నీడలోది నల్లటి గోధుమగా. శైవలాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఒక్కో కణంలో పత్రహరితం మాత్రం నీడలోదానికి బాగా ఎక్కువ. మనుషులు అంతే ఉన్నారు, వలలే పెద్దవయ్యాయి.

ఇప్పుడు అలా పెద్ద వలతో కూర్చున్నవాడి మీదికి ఒక్కసారిగా చేపల గుంపు వచ్చి పడితే? పట్టిన శక్తిని వాడుకునే యంత్రాంగం రాత్రికి రాత్రి పెరగదు. మిగిలిన శక్తి ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి, దొరికినదాన్నల్లా కాల్చే రూపాల్లోకి మారుస్తుంది. శైవలంలో కాంతిని పట్టి వాడుకునే యంత్రాంగంలో ఒక భాగం ఫోటోసిస్టమ్ 2, అందులో డీ1 అనే ప్రోటీన్ ఉంది, అది మామూలు రోజున కూడా వెలుగుకి పాడవుతూనే ఉంటుంది, కణం పాతది పీకి కొత్తది బిగిస్తూనే ఉంటుంది. పాడయ్యే వేగం బాగుచేసే వేగాన్ని మించినప్పుడే గొడవ. పగలు పాలిప్‌లు ముడుచుకుంటున్నాయన్నారు కదా, అది మీ పగడం గొడుగు వేసుకోవడం. కణజాలం దగ్గరికి ముడిస్తే శైవలాలు ఒకదాని నీడలో ఒకటి పడతాయి.

సగంజ్ఞానం:
మేడమ్, ఇక్కడే నాకో డౌటు. మీరు చెప్పిన లెక్కన సముద్రంలో పగడాలు రోజూ చచ్చిపోవాలి. పొద్దున సున్నా, మిట్టమధ్యాహ్నం నెత్తిన సూర్యుడు, మధ్యలో మబ్బొస్తుంది పోతుంది. అంత ఊగిసలాటని తట్టుకునేది కార్బన్ మార్చితే పడిపోతుందా? నమ్మబుద్ధి కావట్లా.

జీవశాస్త్రం_మేడమ్:
మంచి ప్రశ్న, మిమ్మల్ని సగంజ్ఞానం అనకూడదు.

మీరన్నది నిజం, ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్రం పైన పార్ 2000 దాకా వెళ్తుంది. తక్కువ లోతులో ఇంకో తమాషా ఉంది, అలల వంపులు భూతద్దాల్లా పనిచేసి క్షణంలో కొంత సేపు పైనున్న ఎండని మించిన మెరుపుల్ని కింద పారేస్తాయి. అయినా బతుకుతాయి, ఎందుకంటే వాటి దగ్గరున్న తాళం ఒకటి కాదు, ఒక్కోటి ఒక్కో వేగంతో పడుతుంది. నిమిషాల్లో పనిచేసేది డయాడినోజాంథిన్ అనే పదార్థం. ఎండ ముదిరితే అది డయాటోజాంథిన్‌గా మారి, పట్టిన శక్తిని వాడకుండా వేడి కింద వదిలేస్తుంది, మబ్బొస్తే మళ్ళీ వెనక్కి. గంటల్లో జరిగేది డీ1 మరమ్మతు, సాయంత్రమూ రాత్రీ దానికే. వలని చిన్నది చేసుకోవడానికి మాత్రం రోజుల నుంచి వారాలు కావాలి. పగడం తన సొంత రంగు ప్రోటీన్లని పెంచుకోవడానికీ వారాలే. ఇక ఆకారం మార్చుకోవాలంటే నెలలూ ఏళ్ళూ. కరీబియన్‌లో ఆర్బిసెల్లా పగడాలు తక్కువ లోతులో గుట్టల్లా పెరుగుతాయి, లోతుకి వెళ్ళేకొద్దీ పలకల్లా పరుచుకుంటాయి.

సముద్రంలో మధ్యాహ్నపు ఎండ కొత్తేం కాదు, నిన్నా ఉంది మొన్నా ఉంది, దానికి తగ్గ వలతోనే పగడం ఉంటుంది. పైగా పొద్దుటి నుంచి మెల్లగా ఎక్కుతుంది. మీ తొట్టిలో మారింది రోజులోని ఎత్తుపల్లం కాదు, రోజు మొత్తం కొలత. దానికి నిమిషాల తాళం చాలదు, వారాల తాళం పడాలి. అది పడే లోపు జరిగే నష్టమే మనం చూస్తున్నది.

సగంజ్ఞానం:
ఒప్పుకున్నా. ఆకలి కేసు వాపస్ 🙏

అలలు77:
ఒక్క నిమిషం, ఆకలి మాట పూర్తిగా కొట్టెయ్యకండి. నైట్రేట్ దండిగా ఉండి ఫాస్ఫేట్ సున్నాకి పడిపోయిన తొట్లలో పగడాలు వెలుగుకి తేలిగ్గా తెల్లబడతాయి, ఫాస్ఫేట్ లేకపోతే శైవలాల పొరలు బలహీనపడతాయి. ఈయన అంకెలు బాగానే ఉన్నాయి కాబట్టి ఇక్కడ అది కాదు. కానీ కార్బన్‌తో పాటు ఫాస్ఫేట్ తీసేసే ఫిల్టర్ పదార్థం కూడా వేసి ఉంటే అది చెప్పాలి.

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
వెయ్యలేదండి. అన్నీ చదివాను, మేడమ్ గారి పోస్టు రెండుసార్లు. అయితే ఇప్పుడు ఇది మంచి వెలవడమా చెడ్డ వెలవడమా? వల చిన్నది చేసుకున్నా రంగు తగ్గుతుంది, శైవలాలని బయటికి గెంటేసినా రంగు తగ్గుతుంది. రెండూ ఒకేలా కనిపిస్తే నేనెలా పోల్చుకోను?

జీవశాస్త్రం_మేడమ్:
అసలైన చోట వేలు పెట్టారు. కంటితో కచ్చితంగా తేల్చలేం. ల్యాబ్‌లో అయితే చిన్న ముక్క తీసి కణాలు లెక్కపెట్టి, ఒక్కో కణంలో పత్రహరితం ఎంతో కొలుస్తారు, లేదా ఫ్లోరోమీటరుతో ఫోటోసిస్టమ్ 2 ఎంత సమర్థంగా ఉందో చూస్తారు. ఇంట్లో మిగిలేది వేగమూ ప్రవర్తనా. మూడు నాలుగు వారాల్లో మెల్లగా లేతబడి, కొమ్మల కొసలు పెరుగుతూ, తిండి వేస్తే పాలిప్‌లు పట్టుకుంటుంటే సర్దుబాటు. మూడు నాలుగు రోజుల్లో కణజాలం గాజులా అయి కింద ఎముక తెల్లగా కనిపిస్తే బ్లీచింగ్. మీది పది రోజులు, మధ్యలో ఉంది.

తొందరపడాల్సిన కారణం ఒకటుంది. ఆ తెల్లటి ఎముక వెలుగుని అటూ ఇటూ చిమ్ముతుంది. ఒకసారి శైవలాలని దాటి పోయిన కాంతి ఎముకకి తగిలి మళ్ళీ వాటి మీదికే వస్తుంది. మామూలప్పుడు అది వరం, కొద్దిపాటి రంగుతోనే ఎక్కువ కాంతి పట్టొచ్చు. కానీ శైవలాలు పలచబడేకొద్దీ ఒకదానికొకటి నీడ పట్టడం తగ్గి, మిగిలినవాటి మీద దెబ్బ పెరుగుతుంది. దాంతో అవీ పోతాయి. మూలిగే నక్క మీద తాటిపండు.

నీలికాంతి:
కాబట్టి ఈ రాత్రికే లైటు బలం 35–40 శాతం తగ్గించండి. గంటలు కాదు, బలం. చాలామంది పది గంటలని ఆరు చేసి తగ్గించాం అనుకుంటారు, ఆ ఆరు గంటలూ కొరడా దెబ్బ అదే బలంతో పడుతుంది. ఒక హద్దు దాటాక అదనంగా పడే ఫోటాను తిండి కాదు, భారం. చాలా పగడాల్లో ఆ హద్దు కొన్ని వందల పార్ దగ్గరే వచ్చేస్తుంది, నీడకి అలవాటు పడ్డదానికి ఇంకా ముందే. తర్వాత వారానికి పది శాతం లోపు పెంచుకుంటూ వెళ్ళండి. మీటరు ఎవరి దగ్గరైనా అడిగి ఒక్కరోజు తెచ్చుకోండి, జీవితాంతం పనికొచ్చే అంకెలు వస్తాయి.

అలలు77:
లైటు తగ్గించడం ఎందుకండీ, ఆ రెంటినీ తీసి ఇసక మీద పెడితే పోయె. కిందవి బాగున్నాయి అన్నారుగా.

మూడోతొట్టి:
వద్దు. ఆ తప్పు నేను చేశాను. రెండో తొట్టి రోజుల్లో ఒక అక్రోపోరా పైన పాలిపోతే భయపడి తీసుకెళ్ళి మూలన నీడలో పెట్టాను. మూడు వారాల్లో బ్రహ్మాండమైన గోధుమ రంగు వచ్చింది, కోలుకుందని ఇక్కడే ఫోటో కూడా పెట్టా, అందరూ లైకులు కొట్టారు. నాలుగో నెలలో అడుగు నుంచి కణజాలం జారడం మొదలైంది. రంగు నిండుగా ఉండగానే చచ్చిపోయింది, తెల్లబడలేదు ఏమీ లేదు. గోధుమ రంగు ఆరోగ్యం అనుకోవడం వల్ల నాలుగు నెలలు మోసపోయాను.

జీవశాస్త్రం_మేడమ్:
మూడోతొట్టి గారి అనుభవానికి సముద్రంలోనే సాక్ష్యం ఉంది. ఆండ్రూ బేకర్ అనే పరిశోధకుడు పనామా తీరంలో పగడాల్ని లోతు నుంచి పైకీ, పై నుంచి లోతుకీ మార్చి పెట్టాడు, 2001లో అచ్చయింది. పైకి తెచ్చినవి ఎండకి బ్లీచ్ అయ్యాయి, కానీ లోపలి శైవలాల రకం మార్చుకుని నిలబడ్డాయి. కిందికి దించినవి బ్లీచ్ కాలేదు, చూడ్డానికి బాగానే ఉన్నాయి, ఏడాది తిరిగేసరికి చావులు మాత్రం వాటిలోనే. దీని అర్థం బ్లీచింగ్ మంచిదని కాదు, అలా లాగి చెప్పినవాళ్ళూ ఉన్నారు, దాని మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు ఇందులో నచ్చేది వేరు. ఎక్కువ వెలుగు దెబ్బ గట్టిగా అరుస్తుంది, తక్కువ వెలుగు దెబ్బ చప్పుడు చెయ్యదు. మనకి వినిపించేది అరుపే.

నీడకే పుట్టిన పగడాలుంటాయి, ఆ లెక్క వేరు. లెప్టోసెరిస్ లాంటివి వంద మీటర్లు దాటిన లోతులో కూడా శైవలాలతోనే బతుకుతున్నాయి, పలచటి పళ్ళెంలా పరుచుకుని. అక్రోపోరాని తీసుకెళ్ళి ఆ బతుకు బతకమంటే కుదరదు.

సగంజ్ఞానం:
శైవలాల రకం మార్చుకుంటాయా? అద్దెవాళ్ళని ఖాళీ చేయించి కొత్తవాళ్ళని దింపుతాయా? అలాగైతే వేడినీ ఎండనీ తట్టుకునే రకాన్నే దింపేస్తే గొడవ వదిలిపోతుంది కదా.

జీవశాస్త్రం_మేడమ్:
చాలావరకు కొత్తవాళ్ళు కాదు, ఇంట్లో మూలనున్నవాళ్ళే పెరుగుతారు, సంఖ్యలు తారుమారవుతాయి. వీటిని ముందు ఏ, బీ, సీ, డీ అని పిలిచేవాళ్ళు, 2018 నుంచి వేరు వేరు ప్రజాతులుగా చూస్తున్నారు, సీ అంటే క్లాడోకోపియం, డీ అంటే డురుస్డినియం. 1990లలో రోవన్, నోల్టన్ బృందం పనామా దగ్గర ఒకే గుట్టలో ఎండ తగిలే నెత్తిన ఒక రకం, నీడ పక్కల ఇంకో రకం ఉండటం చూపించారు. ఒకే ఇంట్లో మేడ మీద ఒక కుటుంబం, కింది వాటాలో ఒక కుటుంబం అన్నమాట.

ఇక డీ రకం వేడికి గట్టిదే, కానీ అద్దె సరిగ్గా కట్టదు. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో అక్రోపోరా పిల్లల మీద చూస్తే సీ ఉన్నవి డీ ఉన్నవాటికన్నా రెండు మూడు రెట్లు వేగంగా పెరిగాయి.

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి తిట్టకండి. లైటు ఆ రాత్రే 40 శాతం తగ్గించాను, పగడాల్ని కదపలేదు. మీటరు ఒక మిత్రుడి దగ్గర దొరికింది. పాత సెట్టింగులో అక్రోపోరా దగ్గర 410 వచ్చింది, నేను 250 ఉంటుందేమో అనుకుంటూ బతికాను. సరదాకి ఉప్పు పట్టిన పాత గాజు ముక్క ఒకటి అడ్డం పెట్టి చూస్తే అదొక్కటే 70 దాకా మింగేసింది. మాంటిపోరా మూడో వారానికి కోలుకుంది, అంచు చుట్టూ కొత్తగా ఊదా గీత వచ్చింది. అక్రోపోరా ఇంకా లేతగానే ఉంది కానీ పగలు కూడా పాలిప్‌లు తెరుస్తోంది, కొసలు నీలంగా అవుతున్నాయి. ఆ నీలం ఏంటి? మళ్ళీ ఏదైనా రోగమా?

జీవశాస్త్రం_మేడమ్:
రోగం కాదు, అది పగడం సొంత రంగు. పెరిగే కొసల్లో, అంచుల్లో శైవలాలు తక్కువ, కాంతి ఎక్కువ చిమ్ముతుంది, అందుకని అక్కడ ఈ రంగు ప్రోటీన్లతో తెర కడుతుంది. శైవలాలు ఎక్కి వచ్చాక తెర కొంత పలచబడొచ్చు. ముదురు నీలం లైటు కింద వాటిలో కొన్ని మెరిసేది కూడా చూస్తారు. లోతు పగడాల్లో ఆ మెరిసే ప్రోటీన్లు తలకిందులుగా పనికొస్తాయి, నీలి కాంతిని నారింజ ఎరుపుల్లోకి మార్చి కణజాలం అడుగుదాకా పంపుతాయి.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్తా. థాయిలాండ్‌లో ఫుకెట్ దగ్గర బార్బరా బ్రౌన్ బృందం ఒక పగడాన్ని ఏళ్ళ తరబడి చూసింది, అప్పట్లో పేరు గోనియాస్ట్రియా ఆస్పెరా. ఆటుకి బయటపడి పడమటి పక్క విపరీతమైన ఎండ తగిలేది, ఆ పక్క ముందు కందిపోయింది కూడా. తర్వాత 1995లో నీళ్ళు వేడెక్కినప్పుడు తూర్పు పక్క బ్లీచ్ అయింది, ఎండ తిన్న పడమటి పక్క అలాగే ఉంది. 2000లో కొన్నిటిని గిరుక్కున తిప్పి పెట్టారు. పదేళ్ళ తర్వాత మళ్ళీ వేడి వచ్చినప్పుడు కూడా, ఒకప్పటి పడమటి పక్క తట్టుకుంది. ఎండ తిన్న సంగతి ఎక్కడో రాసి పెట్టుకున్నట్టే.

మూడోతొట్టి:
ఇది నాకు తెలీదు. ఇన్నేళ్ళూ శుభ్రం చేసిన ప్రతిసారీ ఫ్రాగ్‌లని, అదే పగడం ముక్కల్ని, ఎలా పడితే అలా పెట్టేస్తున్నా.

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
అయ్యో. మొన్న గాజు తుడుస్తుంటే మోచెయ్యి తగిలి అక్రోపోరా వెనక్కి తిరిగిపోయింది. చూస్తే వెనక పక్క ముదురు గోధుమ, ముందు పక్క లేత పచ్చ, మధ్యలో గీత గీసినట్టుంది. ముదురు పక్క అందంగా ఉందని అలాగే లైటు వైపు ఉంచేశాను.

నీలికాంతి:
ఎన్ని రోజులైంది?

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
నాలుగు.

నీలికాంతి:
లైటు ఇంకా తగ్గించే ఉందా?

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
మొన్నటిదాకా తగ్గించే ఉంది. ఈ ఆదివారమే పది శాతం పెంచాను.

నీలికాంతి:
ఆ పది వెంటనే వెనక్కి తీసెయ్యండి. పగడాన్ని మాత్రం మళ్ళీ తిప్పకండి, నాలుగు రోజులు పని మొదలుపెట్టేసి ఉంటుంది.

ఉప్పుతొట్టి_కొత్తవాడు:
ఇప్పుడే మీ మొదటి ప్రశ్న చదవగానే భయపడి తిప్పేశానండి.